పద్దు మరొకరి చేతికి ఇచ్చాక: చిక్‌పేట కొట్టులో టాలీప్రైమ్‌తో రెండేళ్ళు

బెంగళూరు చిక్‌పేటలో మాకు చీరల టోకు కొట్టు ఉంది. ధర్మవరం, వెంకటగిరి, మంగళగిరి, పోచంపల్లి నుంచి సరుకు తెప్పించి దావణగెరె, హుబ్బళ్ళి, బళ్ళారి, హిందూపురం, అనంతపురంలోని చిల్లర కొట్లకు పంపిస్తూ ఉంటాము. 2007 నుంచి మా లెక్కలన్నీ టాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేరులోనే ఉన్నాయి; దాని ఇప్పటి రూపమే టాలీప్రైమ్. ఆ తరువాతి పదహారేళ్ళూ ప్రతి అమ్మకం బిల్లునూ, ప్రతి వసూలునూ, ప్రతి చెల్లింపునూ నేనే స్వయంగా ఎక్కించాను. రెండేళ్ళ క్రితం ఆ పనిని ఒక గుమాస్తాకు అప్పగించాను. టాలీలో బిల్లు ఎలా వేయాలో, స్టాకు ఎలా చూడాలో వివరించినవారు చాలామంది ఉన్నారు కనుక ఆ సంగతులు ఇక్కడ రాయడం లేదు. లెక్కలను తన చేతిలోనే ఉంచుకోవడానికి అలవాటు పడిన యజమాని వాటిని మరొకరికి ఇవ్వాలనుకున్నప్పుడు ఈ సాఫ్ట్‌వేరు ఎంతవరకు తోడ్పడుతుంది, ఎక్కడ దాని పని ముగిసి మన పని మొదలవుతుంది అన్నదే నేను రాయదలచిన విషయం.

మా నాన్నగారి కాలంలో కొట్టులో రెండు పుస్తకాలు ఉండేవి. ఒకటి చిట్టా, రెండోది ఆవర్జా. ఏ రోజు లావాదేవీలను ఆ రోజే చిట్టాలో రాసి, రాత్రి నగదు నిల్వ తేల్చి, గల్లాపెట్టెలో ఉన్న డబ్బుతో సరిచూసుకున్న తరువాతే ఆయన తలుపులు వేసేవారు. చిట్టాలోని పద్దులను ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎత్తి రాసే పనిని మాత్రం ఆదివారం పెట్టుకునేవారు. గుమాస్తా ఉండేవాడు కానీ అతనికి బేళ్ళు కట్టించడం, రైల్వే పార్సిలు ఆఫీసుకు వెళ్ళి రావడం వంటి పనులే ఉండేవి. కలం మాత్రం నాన్నగారి చేతిలోనే ఉండేది. కొట్టు నా చేతికి వచ్చినప్పుడు పుస్తకాల స్థానంలో కంప్యూటరు వచ్చింది, అలవాటు మాత్రం అలాగే నిలిచిపోయింది. పద్దు తన చేత్తో రాసినవాడికే వ్యాపారం కనబడుతుందని నేను గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం పూర్తిగా తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు. మా దగ్గర సరుకు కొనే ఏ పార్టీ చెల్లింపుల్లో ఎప్పుడు వెనకబడుతున్నదో, ఏ రంగు చీరలు కదలకుండా ఉన్నాయో పద్దు రాసేవాడికే ముందుగా తెలుస్తుంది.

2017 జులై 1న జీఎస్టీ అమలులోకి వచ్చాక ఆ పని బరువు బాగా పెరిగింది. మాది అయిదు కోట్ల లోపు టర్నోవరు కనుక మూడు నెలలకు ఒకసారి రిటర్ను వేసుకునే వెసులుబాటు ఉంది. అయినా కొనేవారికి ప్రతి నెలా పన్ను క్రెడిట్, అంటే మాకు కట్టిన పన్నును తాము కట్టవలసిన పన్నులో తగ్గించుకునే వీలు, అందాలని మేము నెలవారీ పద్ధతినే ఎంచుకున్నాము. అందువల్ల మరుసటి నెల 11వ తేదీలోగా అమ్మకాల బిల్లుల వివరాలు చూపే జీఎస్టీఆర్-1, 20వ తేదీలోగా పన్ను లెక్క తేల్చి కట్టే 3బి వేయాలి. మేము 11 లోగా వేసిన బిల్లులే 14వ తేదీన కొనుగోలుదారుల 2బి పట్టికలో కనబడతాయి. అక్కడ కనబడని బిల్లు మీద వారు పన్ను క్రెడిట్ తీసుకోలేరు.

2023 సెప్టెంబరులో నాకు డెంగీ వచ్చి పన్నెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నాను. అది దసరా సరుకు వెళ్ళే కాలం. కొట్టులో చీరలూ ఉన్నాయి, కొనేవారూ ఉన్నారు, బ్యాంకులో డబ్బు కూడా ఉంది. పాస్‌వర్డ్ మాత్రం నా బుర్రలో ఉంది. సరుకు తీసుకెళ్ళినవారికి కుర్రాళ్ళు తెల్ల కాగితాల మీద రాసి ఇచ్చారు. ఆగస్టు రిటర్ను 11వ తేదీ దాటిపోయింది. హుబ్బళ్ళి నుంచీ దావణగెరె నుంచీ బిల్లులు కనబడడం లేదని ఫోన్లు వచ్చాయి. 3బి ఆలస్యానికి రోజుకు 50 రూపాయల చొప్పున రుసుము, కట్టవలసిన పన్ను మీద సంవత్సరానికి 18 శాతం వడ్డీ పడ్డాయి. ఆ సొమ్ము పెద్దదేమీ కాదు. కానీ ధర్మవరంలో మాకు మగ్గం మీద నేసి ఇచ్చే కుటుంబాలు పది రోజులు డబ్బు కోసం ఎదురుచూశాయి. పండుగ ముందు నూలూ జరీ కొనుక్కోవలసిన సమయంలో, నా ఖాతాలో డబ్బు ఉండి కూడా, నేను మంచం మీద ఉన్న కారణంగా వారికి అందలేదు. ఇంటికి వచ్చాక ఆ లెక్క చూసుకుని చాలా బాధపడ్డాను. పని నా ఒక్కడి చేతిలో ఉంటే భద్రంగా ఉంటుందనుకున్నాను. ఆ భద్రతకు మూల్యం వేరేవారు చెల్లించారు.

నవంబరులో ఒక గుమాస్తాను తీసుకున్నాము. బీకాం చదివిన హిందూపురం అమ్మాయి. లెక్కల పద్ధతి, పన్నుల తేదీలు ఆమెకు ముందే తెలుసు. మా వ్యాపారం మాత్రం తెలియదు.

టాలీలో పని అప్పగించడానికి మొదటి మెట్టు యూజర్లనూ వారి పాత్రలనూ ఏర్పాటు చేయడం. ఆల్ట్, కె మీటలు కలిపి నొక్కితే వచ్చే కంపెనీ పట్టికలో యూజర్ రోల్స్, యూజర్స్ అండ్ పాస్‌వర్డ్స్ అన్నవి ఉంటాయి. ముందుగా పాత్రను తయారుచేసి, ఆ పాత్రలో ఉన్నవారు ఏ రకం ఓచర్లు (టాలీలో ఒక్కొక్క పద్దు పేరు ఇదే) కొత్తగా వేయవచ్చు, ఏవి మార్చవచ్చు, ఏవి చూడడానికి మాత్రమే వీలు, ఏ నివేదికలు అసలు కనబడకూడదు అన్నది ఒక్కొక్కటిగా రాయాలి. ఆ తరువాత మనిషికి పేరు, పాస్‌వర్డ్ ఇచ్చి ఆ పాత్రలో పెట్టాలి. ఇంతే కాక, ఎన్ని రోజుల వెనక్కి వెళ్ళి పద్దు వేయవచ్చో ఒక హద్దు పెట్టవచ్చు. ఒక తేదీకి ముందున్న పద్దుల జోలికి వెళ్ళకుండా తాళం కూడా వేయవచ్చు. గంటలో అయిపోయే పని. ఇన్నేళ్ళూ ఈ వసతి నా కంప్యూటరులోనే ఉన్నా దానిని నేను ఒక్కసారి కూడా తెరవలేదు.

నేను మొదట తయారుచేసిన పాత్రను ఇప్పుడు తలుచుకుంటే అది పని అప్పగించడం కోసం చేసినది కాదని స్పష్టంగా తెలుస్తున్నది. అమ్మకం బిల్లు వేయడం తప్ప ఆ అమ్మాయికి మరేదీ వదలలేదు. కొత్త పార్టీ ఖాతా తెరవడానికి వీల్లేదు. వేసిన బిల్లు దిద్దడానికి వీల్లేదు. పార్టీ బాకీ చూడడానికి కూడా వీల్లేదు. నిన్నటి తేదీతో పద్దు వేయడం కుదరదు. ఇన్ని హద్దులు పెట్టిన నాకు మనశ్శాంతి దొరుకుతుందనుకున్నాను. జరిగినది వేరు. ఒక కొత్త కొట్టువారు వస్తే ఖాతా తెరవమని నాకు ఫోను. అయిదు చీరలకు బదులు ఆరు పడితే దిద్దమని ఫోను. వసూలుకు వెళ్ళిన కుర్రాడు రాత్రి పొద్దుపోయి వచ్చి మర్నాడు పద్దు వేయమంటే మళ్ళీ ఫోను. రోజుకు ఇరవై సార్లకు తగ్గకుండా పిలుపులు వచ్చేవి. పాత్రలో నేను పెట్టిన ప్రతి నిషేధమూ నా దగ్గరికే తిరిగి వచ్చే ఒక పనిగా మారింది. ఇంతకు ముందు పద్దులు రాయడమే నా పనిగా ఉండేది, ఇప్పుడు ఆ పద్దులకు అనుమతి ఇవ్వడం కూడా అందులో చేరింది.

మూడు వారాలు ఇలా గడిచాక మా ఆడిటరు గారి దగ్గర కూర్చున్నాను. ఆయన ఒక ప్రశ్న అడిగారు. ఏ తప్పు కొట్టు గడప దాటుతుంది, ఏ తప్పు లోపలే ఉండి రేపు దిద్దుకోవడానికి వీలవుతుంది అని వేరుచేసుకున్నారా అన్నారు. నేను ఎప్పుడూ అలా ఆలోచించలేదు. నా దృష్టిలో తప్పులన్నీ ఒకే బరువు. ఇంటికి వచ్చి ఒక కాగితం మీద రాసి చూస్తే, నేను భయపడుతున్న వాటిలో చాలా భాగం లోపలి తప్పులే అని తేలింది. కొత్త ఖాతా పేరు అక్షరదోషంతో ఉంటే రేపు దిద్దవచ్చు. ఒక రోజు ఆలస్యంగా వేసిన వసూలు పద్దు ఎవరికీ నష్టం చేయదు. పార్టీకి బిల్లు వెళ్ళిపోయాక, యాభై వేలు దాటిన సరుకు రవాణాకు కావలసిన ఈ-వే బిల్లు పుట్టాక, ముఖ్యంగా 11వ తేదీన రిటర్ను వేసేశాక మాత్రం దిద్దుబాటు అంత సులభం కాదు. బిల్లు మొత్తాన్ని తగ్గించే క్రెడిట్ నోటు వేయడమో, తరువాతి నెల రిటర్నులో సవరణ చూపించడమో, అలాంటిదేదో చేయవలసి వస్తుంది.

కాబట్టి హద్దును మనిషి చుట్టూ కాకుండా తేదీ చుట్టూ గీశాము. నడుస్తున్న నెల మొత్తం ఆ అమ్మాయి చేతిలో ఉంటుంది. బిల్లులు వేయడం, దిద్దడం, ఖాతాలు తెరవడం, బాకీలు చూడడం, ఈ-వే బిల్లులు తీయడం అన్నీ ఆమె ఇష్టం. జీఎస్టీఆర్-1 వేసిన రోజు సాయంత్రం నేను ఆ నెల చివరి తేదీకి తాళం జరుపుతాను. ఆ తాళానికి ముందున్న పద్దు కదపాలంటే మాత్రం ఇద్దరమూ కూర్చుని మాట్లాడుకుంటాము. టాలీలోని తేదీ హద్దు చూడడానికి చిన్న వసతిలా కనబడుతుంది. నా అనుభవంలో మాత్రం మొత్తం పాత్రల పట్టిక కన్నా ఇదే ఎక్కువ పని చేసింది. అధికారం ఎంత ఇవ్వాలి అన్న ప్రశ్నను ఎంతకాలం ఇవ్వాలి అన్న ప్రశ్నగా మార్చి, రెండింటిలో తేలికైన దానికి జవాబు చెప్పే అవకాశం ఇచ్చింది.

ఎడిట్ లాగ్ గురించి కొంచెం విస్తారంగా రాయాలి, ఎందుకంటే పని అప్పగించేవారు ఎక్కువ జాగ్రత్తగా వాడవలసిన వసతి ఇదే. ఒక పద్దును ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు వేశారు, తరువాత ఎవరు మార్చారు, మార్పుకు ముందు ఏముంది, తరువాత ఏముంది అన్నవన్నీ ఇది వరసగా దాచి ఉంచుతుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలన్నీ లెక్కల సాఫ్ట్‌వేరులో ఇలాంటి మార్పుల చరిత్ర తప్పక ఉంచాలని కంపెనీల నిబంధనలు చెబుతున్నాయి. వారి కోసం ఈ వసతిని ఆపడానికి వీలులేని ప్రత్యేకమైన ఎడిట్ లాగ్ కూర్పు ఉంది; మామూలు టాలీప్రైమ్‌లో మన ఇష్టప్రకారం పెట్టుకోవచ్చు, తీసేయవచ్చు. మాది సొంత వ్యాపారం కనుక ఆ నిబంధన మాకు వర్తించదు. అయినా నేను కోరి పెట్టించుకున్నాను.

పెట్టించుకున్నాక రోజూ రాత్రి భోజనమయ్యాక దానిని చూడడం అలవాటు చేసుకున్నాను. ఏ పద్దు రెండుసార్లు మారింది, ఏ బిల్లు రద్దయింది అని చూసి, మర్నాడు ఉదయం కొట్టుకు వెళ్ళగానే అడిగేవాణ్ణి. కోపంతో అడగలేదు, తెలుసుకోవడానికే అడిగాను. రెండు నెలలు ఇలా సాగింది. ఒక రోజు హుబ్బళ్ళి పార్టీ ఖాతాలో ఒక తేడా కనబడింది. అది పదిహేను రోజుల కిందటి తప్పు. ఆ అమ్మాయిని పిలిచి ఇది ముందే చూడలేదా అమ్మా అన్నాను. కాసేపు మాట్లాడకుండా ఉండి తరువాత చెప్పింది: "చూశాను సార్. దిద్దితే రేపు మీరు ఎందుకు దిద్దావని అడుగుతారు. దిద్దకపోతే ఎవరూ అడగరు. అందుకని నెలాఖరున అన్నీ కలిపి ఒకేసారి మీతో చెబుదామని ఒక కాగితం మీద రాసి పెట్టుకున్నాను." ఆ కాగితం తీసి చూపించింది. దాని మీద పదకొండు తప్పులు ఉన్నాయి.

ఆ రోజు నుంచి నా ఆలోచన మారింది. మార్పులను బయటపెట్టడానికి తెచ్చిన వసతిని నేను వాడిన తీరు వల్ల మార్పులు ఆగిపోయి తప్పులు దాక్కున్నాయి. తప్పు చేయడం కన్నా తప్పు దిద్దడం ఎక్కువ ప్రమాదకరమని నా ప్రశ్నలు ఆ అమ్మాయికి నేర్పాయి. ఇందులో సాఫ్ట్‌వేరు లోపం ఏమీ లేదు. అది అడిగినవాడికి అడిగినది చూపించింది. అడిగేవాడు ఎప్పుడు అడగాలో తెలుసుకోవలసి ఉంది. ఇప్పుడు ఎడిట్ లాగ్‌ను నెలకు ఒకసారి, తాళం జరిపే రోజున మాత్రమే తెరుస్తాను. అందులోనూ పూర్తిగా తొలగించిన ఓచర్లను మాత్రమే చూస్తాను. ఆ చూసేటప్పుడు ఆమె నా పక్కనే కూర్చుంటుంది. నడుస్తున్న నెలలో ఆమె ఎన్నిసార్లు దిద్దుకున్నా నాకు తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

మరి కొట్టు లెక్క సరిగ్గా ఉన్నదని ఎలా తెలుస్తుంది అన్న ప్రశ్న మిగులుతుంది. అది న్యాయమైన ప్రశ్నే. దానికి నేను పట్టుకున్న పద్ధతి ఏమిటంటే, పని చేసిన తీరును వదిలిపెట్టి, బయటి సాక్షితో ఫలితాన్ని సరిపోల్చడం. మాకు అలాంటి సాక్షులు మూడు ఉన్నాయి. బ్యాంకు స్టేట్‌మెంటు మొదటిది. టాలీలోని బ్యాంకు పద్దులను స్టేట్‌మెంటుతో ఒక్కొక్కటిగా సరిచూసే వసతి ఉంది. వారానికి ఒకసారి ఆ అమ్మాయి సరిచూసి, కలవని పద్దులు ఎన్ని ఉన్నాయో నాకు ఒక్క మాటలో చెబుతుంది. రెండోది 2బి. మేము కొన్న సరుకుకు నేతగాళ్ళ సంఘాలూ, మాస్టర్ వీవర్లూ వేసిన బిల్లులు జీఎస్టీ పోర్టలులో ఏ మొత్తంతో ఉన్నాయో, మా కొనుగోలు పద్దులు అదే మొత్తంతో ఉన్నాయో పోల్చితే కొనుగోళ్ళ తప్పులు వాటంతట అవే బయటపడతాయి. మూడోది అలమరల్లో ఉన్న చీరలు. నెలకు ఒక అలమర చొప్పున లెక్కపెట్టి స్టాకు పట్టికతో చూస్తాము. ఈ మూడూ కలిస్తే మధ్యలో ఏ పద్దు ఎన్నిసార్లు మారిందన్నది నాకు అక్కరలేని సంగతి. ఏ సాక్షి దగ్గరైనా కలవకపోతే అప్పుడు వెనక్కి వెళ్ళి చూస్తాము.

లైసెన్సు విషయం. టాలీప్రైమ్‌లో సిల్వర్ తీసుకుంటే ఒక కంప్యూటరు మీద ఒకరే వాడగలరు. గోల్డ్ తీసుకుంటే ఒకే నెట్‌వర్కులో ఉన్న కంప్యూటర్ల మీద పలువురు ఒకేసారి వాడవచ్చు. మాకున్నది సిల్వర్. గుమాస్తాను తీసుకున్నప్పుడు గోల్డ్‌కు మారాలని అనుకున్నాను, ఎందుకంటే నా కుర్చీ ముందు నా కంప్యూటరు నాకు ఉండాలి. ఖర్చు చూసి కొన్నాళ్ళు ఆగాను. ఆ ఆగడం మేలు చేసింది. కంప్యూటరు ఒక్కటే కనుక పద్దు రాసే మనిషి నా కుర్చీలో కూర్చోవలసి వచ్చింది, నేను లేచి ముందు గదిలోకి, చీరల దగ్గరికి వెళ్ళవలసి వచ్చింది. ఇన్నేళ్ళుగా కొట్టుకు వచ్చేవారితో నాలుగు మాటలు మాట్లాడి తెర వైపు తిరిగిపోయేవాణ్ణి. ఇప్పుడు వారి ఎదుట కూర్చుని, మడత విప్పి, కొంగు చూపించి, బేరం పూర్తయ్యే దాకా ఉంటున్నాను. పెద్ద కొట్లకు గోల్డ్ తప్పదు. నా లాంటి చిన్న వ్యాపారి, అందులోనూ లెక్కల కుర్చీ వదలలేనివాడు, మొదటి ఏడాది సిల్వర్‌తోనే ఉండడం మంచిదని నా అభిప్రాయం.

దూరం నుంచి నివేదికలు చూసే వసతి కూడా ఉంది. లైసెన్సుతో పాటు ఏడాది కాలానికి టీఎస్ఎస్ అనే చందా వస్తుంది, తరువాత ఏటా కట్టుకోవాలి. ఆ చందా ఉంటే ఫోనులోని బ్రౌజరులో బాకీలూ నిల్వలూ చూసుకోవచ్చు. చూడడమే కానీ మార్చడానికి వీలుండదు. ధర్మవరం వెళ్ళినప్పుడు నాకిది నిజంగా ఉపయోగపడింది. నేతగాళ్ళతో మాట్లాడుతూ వారికి రావలసిన మొత్తం అక్కడికక్కడే చెప్పగలిగాను. అయితే బస్సులోనూ, పెళ్ళిళ్ళలోనూ, ఇంట్లో భోజనం ముందూ తెరిచి చూడాలనిపించే గుణం కూడా దీనికి ఉంది. ప్రయాణంలో ఉన్న రోజుల్లో తప్ప తెరవకూడదని నేను నియమం పెట్టుకున్నాను.

టాలీవాల్ట్ పాస్‌వర్డ్ గురించి ఒక హెచ్చరిక అవసరం. కంపెనీ సమాచారాన్ని గుప్తంగా ఉంచే ఈ పాస్‌వర్డ్ పోతే దానిని తిరిగి రాబట్టే మార్గం లేదు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు దీని విలువ మా ఇంట్లో అందరికీ తెలిసింది. ఇప్పుడది, యజమాని పాస్‌వర్డుతో కలిపి, ఒక కవరులో సీలు వేసి మా ఆవిడ పేరున ఉన్న బ్యాంకు లాకరులో ఉంది. రోజూ సాయంత్రం ఆల్ట్, వై నొక్కి బ్యాకప్ తీయడం గుమాస్తా పని. నెలకు ఒకసారి ఆ బ్యాకప్‌ను మా అబ్బాయి ల్యాప్‌టాప్‌లో తెరిచి చూడడం కూడా ఆమె పనే.

పద్దు రాయడం అప్పగించినంత తేలికగా నిర్ణయం అప్పగించడం కుదరలేదు. అరువు ఎవరికి ఎంత ఇవ్వాలి అన్నది మా వ్యాపారంలో అసలు విషయం. టాలీలో ప్రతి పార్టీ ఖాతాకూ అరువు పరిమితి, గడువు రాసుకోవచ్చు. బిల్లు ఆ పరిమితి దాటితే అది హెచ్చరిస్తుంది. అంకెలు రాయడానికి కూర్చున్నప్పుడు అసలు కష్టం తెలిసింది. ఆ అంకెల వెనక ఉన్న కారణాలు ఎక్కడా రాసి లేవు. బళ్ళారి పార్టీ ఉగాది తరువాతే కడతారు కానీ తప్పక కడతారు. దావణగెరె కొట్టులో అన్నదమ్ములు విడిపోయాక పెద్దాయన బిల్లుకు నలభై అయిదు రోజులు, చిన్నాయన బిల్లుకు రొక్కమే. అనంతపురం పార్టీ సరుకు వెనక్కి పంపే అలవాటున్నవారు, కనుక వారి బాకీ చూసేటప్పుడు తిరిగి వచ్చే సరుకు కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఇవన్నీ నా తలలో ఉన్నాయి, అంతకు ముందు నాన్నగారి తలలో ఉండేవి. ఆ అమ్మాయికి పరిమితి అంకె మాత్రం ఇచ్చి ఊరుకుంటే ప్రతి హెచ్చరికకూ మళ్ళీ నా దగ్గరికి వస్తుంది. అందుకని పద్దెనిమిది సాయంత్రాలు కూర్చుని డెబ్బై రెండు పార్టీల గురించి ఒక్కొక్క పేరా చొప్పున నోటు పుస్తకంలో రాశాను. ఏ సాఫ్ట్‌వేరూ చేసి పెట్టలేని పని ఇది. కానీ టాలీలో పరిమితి గడి ఖాళీగా కనబడకపోయి ఉంటే నేను ఈ పనికి కూర్చునేవాణ్ణే కాదు.

ఇప్పుడు పరిమితి లోపల ఉన్న అరువు ఆమె నిర్ణయం. పరిమితి దాటి పాతిక వేల వరకు, నోటు పుస్తకంలోని కారణం చూసి ఇవ్వడం కూడా ఆమె నిర్ణయమే. సాయంత్రం ఒక మాట చెబితే చాలు. ఆ పైన నన్ను అడుగుతుంది. నిరుడు శ్రావణమాసంలో పరిమితి దాటిన ఒక పార్టీకి ఆమె ఇచ్చిన సరుకు డబ్బు మూడు నెలలు ఆగింది. నేనైతే ఇచ్చేవాణ్ణి కాదు. అదే నెలలో మరో కొత్త కొట్టుకు, నేను అనుమానించి పంపించివేయబోయిన వారికి, ఆమె సరుకు ఇచ్చింది. వారు ఇప్పుడు మా దగ్గర క్రమం తప్పకుండా కడుతున్న పార్టీల్లో ఉన్నారు. ఒక వసూలు పద్దు మాత్రం చెప్పాలి. ఒకే పేరుతో ఉన్న రెండు కొట్లలో ఒకరు కట్టిన లక్షా పద్దెనిమిది వేలు మరొకరి ఖాతాలో పడింది. నెలాఖరున బాకీ పత్రాలు పంపేటప్పుడు ఆమే గమనించి, దిద్ది, ఇద్దరికీ ఫోను చేసి చెప్పి, తరువాత నాకు చెప్పింది. మొదటి రెండు నెలల్లో అయితే ఆ తప్పు కూడా ఆ కాగితం మీదికే చేరి ఉండేది.

ఈ సాఫ్ట్‌వేరు పుట్టుక కూడా ఇలాంటి అప్పగింతతోనే జరిగిందన్న సంగతి నాకు ఇష్టమైనది. బట్టల మిల్లులకూ కర్మాగారాలకూ ముడిసరుకు, యంత్రభాగాలు సరఫరా చేసే శ్యామ్ సుందర్ గోయెంకా తన లెక్కలకు తగిన సాఫ్ట్‌వేరు దొరకక, దానిని తయారుచేయమని కొడుకు భరత్ గోయెంకాను అడిగారు. 1986లో పెయుట్రానిక్స్ అనే పేరుతో మొదలైన ఆ సంస్థే నేటి టాలీ సొల్యూషన్స్. దాని ప్రధాన కార్యాలయం మా ఊళ్ళోనే ఉంది. భరత్ గోయెంకాకు 2020లో పద్మశ్రీ వచ్చింది. అదే ఏడాది నవంబరులో టాలీప్రైమ్ విడుదలైంది. ఒక వ్యాపారి తన లెక్కలను కొడుకు చేతిలో పెట్టిన ఆ నిర్ణయం వల్ల నా లాంటి ఎందరో వ్యాపారులు తమ లెక్కలను మరొకరి చేతిలో పెట్టగలుగుతున్నారు.

ఈ సాఫ్ట్‌వేరు కొనాలా అని అడిగే చిన్న వ్యాపారులకు నా సలహా: ఇప్పటికే మీ దగ్గర ఉంటే, కొత్తగా ఏదీ కొనకుండా, యూజర్ రోల్స్ తెరిచి ఒక మనిషి పేరు రాయండి. పాత్రలో నిషేధాలు ఎన్ని పెడుతున్నారో లెక్కపెట్టండి. అన్ని ఫోన్లు మీకు వస్తాయి. తేదీ తాళం తప్పక పెట్టండి. ఎడిట్ లాగ్ పెట్టుకోండి కానీ దానిని తెరిచే రోజు ముందే నిర్ణయించుకుని, ఆ రోజు ఏదో ఆ మనిషికి కూడా చెప్పండి. లెక్కల సాఫ్ట్‌వేరును ఎన్ని నివేదికలు ఇస్తుందన్న దానిని బట్టి ఎంచుకోవడం మన అలవాటు. రెండేళ్ళుగా నేను దీనిని, ఎన్ని రోజులు తెరవకుండా ఉండగలిగాను అన్న దానిని బట్టి చూస్తున్నాను. ఈ ఏడాది మార్చిలో, సంవత్సరాంతపు హడావుడిలో కూడా, పందొమ్మిది రోజులు తెరవలేదు.

ధర్మవరం చెల్లింపులు మాత్రం ఇంకా నా చేతిలోనే ఉన్నాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలుగా నమోదైన నేతగాళ్ళకు రాతపూర్వక ఒప్పందం ఉంటే నలభై అయిదు రోజుల్లో, లేకపోతే పదిహేను రోజుల్లో డబ్బు ఇవ్వాలని చట్టం చెబుతున్నది; గడువు దాటి, ఏడాది ముగిసేలోగా కూడా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం కూడా ఒప్పుకోదు. నేను ఆసుపత్రిలో ఉన్నప్పుడు ఆగిపోయినవి ఈ చెల్లింపులే. అన్నిటికన్నా ముందు అప్పగించవలసిన ఈ పనినే నేను అన్నిటికన్నా చివర దాకా అట్టేపెట్టుకున్నాను. ఏ మగ్గం వారికి ఎప్పుడు ఇవ్వాలో టాలీలోని బాకీల పట్టిక చూసి ఆ అమ్మాయి ఇప్పటికే జాబితా తయారుచేస్తున్నది. డబ్బు పంపడం ఒక్కటే నేను చేస్తున్నాను. ఒకరు ఎక్కించి మరొకరు ఆమోదించే నెట్‌బ్యాంకింగ్ ఏర్పాటు మా బ్యాంకులో ఉంది. ఎక్కించేది గుమాస్తా, ఆమోదించేది నేను, నేను లేనప్పుడు మా ఆవిడ అని రాసి, పోయిన సోమవారం దరఖాస్తు ఇచ్చి వచ్చాను.